ట్యాంకర్ వెనక రాత

నిన్న కాజీపేట చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే, ముందు పెట్రోల్ ట్యాంకర్. వెనక ఎర్రక్షరాలతో 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్'. బండి మీద నా వెనక కూర్చున్న మా అన్న కొడుకు, ఆరో తరగతి, వెంటనే అందుకున్నాడు: "కాకా, ఇన్ అంటే కాదు అనే కదా, అంటే ఇది అంటుకోదా?"

వాడి తప్పేం లేదు. ఇన్‌కరెక్ట్, ఇన్‌విజిబుల్ అని బడిలో బట్టీ పట్టించారు మరి. కానీ ఈ మాటలు పుట్టిన లాటిన్‌లో ఇన్ అనేవి రెండున్నాయి, ఒకటి 'కాదు', ఇంకోటి 'లోపలికి'. ట్యాంకర్ మీదున్నది రెండోది, ఇన్‌ఫ్లేమ్ అంటే మంట పుట్టించడం. ఈ గందరగోళం ప్రమాదమనే చాలాచోట్ల ఇప్పుడు ఉత్త 'ఫ్లేమబుల్' అని రాస్తున్నారు.

కాదు అనే ఇన్ కూడా కుదురుగా ఉండదు, ఇంపాసిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్ అంటూ పక్క అక్షరాన్ని బట్టి వేషం మారుస్తుంది. మన సంధుల్లాగే అన్నమాట (నాకు సంధుల్లో ఎప్పుడూ సగం మార్కులే). న్యాయానికి అన్యాయం, అర్హతకేమో అనర్హత, అచ్చు ముందు 'అన్' వస్తుంది. సంస్కృతం నుంచి మనకొచ్చిన ఆ 'అన్', ఇంగ్లిష్ 'అన్', లాటిన్ 'ఇన్' అన్నీ ఒకే పాత మూలం నుంచి వచ్చినవే.

ఇంటికొచ్చాక వాడు మళ్లీ: "మరి ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిదా?" అమూల్యం అంటే ఏంట్రా అనడిగా. కాసేపు గోడకేసి చూసి, "మా క్లాస్‌లో అమ్మాయి పేరు" అన్నాడు.