ప్యాకేజీ లేకుండా అమ్మతో నార్వే: ఓస్లో నుంచి బెర్గెన్ దాకా

నార్వే వెళ్దామనుకుని ట్రావెల్ ఏజెంట్లను అడిగితే, వాళ్లు చెప్పిన ధరకు అమ్మ "ఆ డబ్బుతో కాశీ పదిసార్లు వెళ్లొచ్చు" అంది. తీరిగ్గా కూర్చుని చూస్తే ఆ ప్యాకేజీలో ఉన్నవన్నీ మామూలు టికెట్లే. ఓస్లో నుంచి రైల్లో మిర్దాల్, అక్కణ్నుంచి కొండ రైల్లో ఫ్లామ్, పడవలో గుడ్‌వాంగెన్, బస్సులో వోస్, మళ్లీ రైలెక్కితే బెర్గెన్. ఏ ముక్కకు ఆ ముక్క మనమే కొనుక్కోవచ్చు. నార్వేలోని రైళ్లు, బస్సులు, పడవల వేళలన్నీ కలిపి చూపించే ఎంటూర్ అనే యాప్ ఒకటుంది. ప్లానంతా దాంతోనే వేశాను.

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ, ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో ఉంది, కాబట్టి కావలసింది షెంగెన్ వీసానే. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు, ఏ రోజు ఎక్కడుంటామో చెప్పే కాగితం పెట్టాం. అమ్మకు సొంత ఆదాయం లేదు. ఆమె ఖర్చు నాదేనని ఒక ఉత్తరం రాసి, నా జీతం కాగితాలు, అమ్మ పేరున్న నా పాస్‌పోర్టు పేజీ కాపీ జతచేశాను. పాస్‌పోర్టులు తిరిగి చేతికొచ్చేదాకా టెన్షనే. అప్పటివరకు డబ్బు వాపసు రాని టికెట్ ఒక్కటి కూడా కొనలేదు. వీసా వచ్చిన రాత్రే రైలు టికెట్లు కొనేశాను, ముందుగా కొంటే బాగా తగ్గుతాయి.

సామాన్లు సర్దేటప్పుడు గొడవ నెయ్యి దగ్గర వచ్చింది. పాలతో, మాంసంతో చేసినవి మన దేశం నుంచి అక్కడికి తీసుకెళ్లనివ్వరు. నెయ్యి సీసా ఇంట్లోనే ఉండిపోయింది. కందిపొడి, ఆవకాయ వెంట వచ్చాయి. బియ్యం, పెరుగు అక్కడి సూపర్ మార్కెట్‌లో కొని, వంటగది ఉన్న గదుల్లో వండుకున్నాం. బయట భోజనం ధర చూస్తే ఆకలి చచ్చిపోతుంది. ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు, శనివారమే కొనిపెట్టుకోవాలి. మంచినీళ్లు మాత్రం కొనక్కర్లేదు, కుళాయి నీళ్లే తాగొచ్చు.

ఓస్లోలో నాకు నచ్చింది సముద్రం ఒడ్డున 2008లో తెరిచిన ఆపెరా హౌస్. దాని పైకప్పు నేల నుంచే వాలుగా లేస్తుంది. టికెట్ లేదు, ఎవరైనా నడుచుకుంటూ పైకి వెళ్లొచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ కూడా మెల్లగా ఎక్కేసింది. విగెలాండ్ పార్కుకు తీసుకెళ్లేటప్పుడు మాత్రం కాస్త జంకాను. గుస్తావ్ విగెలాండ్ రూపొందించిన 200కు పైగా శిల్పాల్లో మనుషులు దాదాపు అంతా బట్టల్లేకుండానే ఉంటారు. ఒకే గ్రానైట్ రాతిలో 121 మంది పెనవేసుకుని ఉన్న స్తంభం చుట్టూ అమ్మ రెండుసార్లు తిరిగింది. "పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా అంతా చెక్కేశాడే, బట్టలెందుకు మధ్యలో" అంది. నేనింకేం మాట్లాడతాను?

బెర్గెన్ రైలు మార్గం 1909లో మొదలైంది. మొదటి రెండు గంటలూ పొలాలు, చెరువులు, పైన్ చెట్లు. తర్వాత చెట్లు పొట్టివవుతూ వచ్చి, చివరికి మాయమవుతాయి. సముద్ర మట్టానికి 1,222 మీటర్ల ఎత్తున ఫిన్సే స్టేషన్ ఉంది. కారులో అక్కడికి చేరే దారి లేదు, రైలే దిక్కు. జూన్‌లో కూడా పట్టాల పక్కన మంచు మేటలు వేసి ఉంది. బోగీలో ఫోన్లు చూసుకుంటున్నవాళ్లందరూ తలెత్తింది ఇక్కడే.

మిర్దాల్‌లో దిగి ఫ్లామ్ రైలెక్కాం. 20 కిలోమీటర్ల దూరంలో దాదాపు 865 మీటర్లు కిందికి దిగుతుంది, గంట పడుతుంది. మధ్యలో క్యోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర ఆపుతారు. వేసవిలో అక్కడ పాట పెట్టి, బండల మీద ఎర్రచీర కట్టినట్టున్న అమ్మాయితో నాట్యం చేయిస్తారు. అడవిలో మగవాళ్లను మాయచేసే హుల్‌ద్రా అనే జానపద కథలోని మనిషట. జనమంతా ఎగబడ్డారు. నాకైతే జలపాతం ముందు ఈ తంతు అనవసరం అనిపించింది. అసలు ఈ చిన్న రైలు టికెట్ ధరకు, దాని చుట్టూ ఉన్న ప్రచారానికి, ఫిన్సే మీదుగా వచ్చిన మామూలు రైలే నా లెక్కలో మేలు. డబ్బు ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలంటే ఇక్కడ తగ్గించుకోండి, పడవ దగ్గర మాత్రం వద్దు.

ఫ్లామ్ నుంచి గుడ్‌వాంగెన్‌కు పడవలో రెండు గంటలు. బ్యాటరీతో నడిచే పడవ, ఇంజను రొద లేదు. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ నారోయ్ ఫ్యోర్డ్‌లోకి తిరగ్గానే రెండువైపులా కొండలు దగ్గరికొచ్చేస్తాయి. ఒకచోట వెడల్పు 250 మీటర్లే. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది దీన్ని. "పాపికొండలే కదే ఇవి" అంది అమ్మ. చూపుకు నిజమే. కాకపోతే అక్కడ గోదావరి నది, ఇక్కడిది సముద్రం. మంచుయుగంలో హిమానీనదాలు కొండను లోతుగా తొలిచాయి, మంచు కరిగాక ఆ గాడిలోకి సముద్రపు నీరు వచ్చి చేరింది. ఇదంతా చెప్తే అమ్మ నమ్మలేదు, ఉప్పగా ఉందో లేదో చూస్తానంది. పడవ రెయిలింగ్ ఎత్తుగా ఉండి సరిపోయింది.

బెర్గెన్‌లో వాన. ఏడాదిలో 200 రోజులకు పైగా కురిసే ఊరు, మనకోసం ఆగుతుందా? గాలికి గొడుగులు నిలవవు, రెయిన్‌కోట్ ఉండాలి. రేవులో వరసగా నిలబడ్డ బ్రిగెన్ చెక్క ఇళ్లు ఒకప్పటి జర్మన్ వర్తకులవి. నార్వే ఉత్తర ప్రాంతం నుంచి వచ్చే ఎండుచేపల వ్యాపారంతో బతికిన వీధి ఇది. 1702లో కాలిపోతే పాత పద్ధతిలోనే మళ్లీ కట్టారు. ముందు నుంచి ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా, ఇళ్ల మధ్య ఉన్న చెక్క సందుల్లోకి వెళ్లాలి. ఒరిగిన గోడలు, తారు వాసన, పైన బరువులెత్తే కప్పీలు అన్నీ అక్కడే ఉన్నాయి. ఫ్లోయెన్ కొండ మీదికి వెళ్లే ఫ్లోయ్‌బానెన్ రైలు టికెట్ మాత్రం ముందుగా కొనకండి. మబ్బు విడిచిందని గదిలోంచి కనబడ్డాకే బయల్దేరండి, లేకపోతే 320 మీటర్లు ఎక్కి తెల్లటి పొగమంచును చూసి దిగుతారు. ఎయిర్‌పోర్టుకు ట్యాక్సీ అక్కర్లేదు, ఊరి మధ్య నుంచి ట్రామ్ నేరుగా వెళ్తుంది.