సద్దుల బతుకమ్మకి పోయి ఫ్లాష్ ఊడబీకిన కథ

మా మేనత్తది వెంకటాపూర్ పక్కన చిన్న ఊరు, పోయినేడు సద్దుల బతుకమ్మకి రావాల్సిందే అని వారం ముందుకెళ్లే ఒకటే ఫోన్లు, సరే అని హన్మకొండల పొద్దున ఐదింటికే బండి తీసిన. ఎట్లా దారే కదా, ముందు రామప్ప చూసుకొని పోదామనుకున్న. జంగాలపల్లి క్రాస్ కాడ ఛాయ్ తాగి పాలంపేటకి తిరిగిన.

రామప్పల కెమెరా ఫ్లాష్ బ్యాగులకెళ్లి తియ్యనే లేదు. 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021ల యునెస్కో గుర్తింపు, ఇదంతా మనోళ్లకి తెలిసిందే. నేను మాత్రం చూరు కింద నల్లరాతి మదనికల (ఆడబొమ్మల) కాడనే గంటసేపు నిలబడ్డ. దక్షిణం వైపు బొమ్మల మీద పొద్దుటి ఎండ పక్కనుంచి రాసుకుంటూ పోతుంటే మెడల హారం పూసపూసకి నీడ కనిపిస్తున్నది. పొద్దెక్కినంక చూరు నీడ పడ్డది, అంతే, అదే బొమ్మ చప్పగా అయిపోయింది.

సాయంత్రం అత్తోళ్ల వాకిట్ల, పక్కనుంచి పడ్డ వెలుతురే ఆ బొమ్మని లేపిందన్న సంగతి గుర్తుకొచ్చేదాకా నాకు బుద్ధి రాలే. బతుకమ్మ పేర్చుడు అయిపోయింది, పసుపు గౌరమ్మని పెట్టిన్రు, నేను ఫ్లాష్ కెమెరా మీదనే పెట్టి సూటిగా కొట్టిన. అత్త మొఖం పిండి పూసినట్టు, గునుగు పూలు దూది ముద్దలు, వెనక అంతా చీకటి. ఫ్లాష్ పైకి తిప్పి బౌన్స్ చేద్దామంటే, అంటే వెలుతురుని దేనికన్నా కొట్టి మళ్లిద్దామంటే, వాకిట్ల పైన ఆకాశమే, ఇంట్లకి పోతే పెంకుటిల్లు, నల్లబడ్డ దూలాలు, ఆ నలుపు వెలుతురుని మింగేస్తది తప్ప తిరిగి ఇయ్యదు. అర్రల సున్నమేసిన గోడకి తిప్పి కొడితే మాత్రం పర్లేదు, మెత్తగా వచ్చింది.

ఇక వాకిట్లకొచ్చి ఫ్లాష్ ఊడబీకి, దూరంకెళ్లి ఫ్లాష్‌కి సిగ్నల్ పంపే ట్రిగ్గర్ కెమెరా మీద పెట్టి, ఫ్లాష్‌ని ఆ సిగ్నల్ అందుకునే రిసీవర్ మోడ్‌లకి మార్చి మా బావ కొడుకు చేతికిచ్చిన. ఎనిమిదో తరగతి పోరడు, స్టాండ్ కన్నా నయం, చెప్తే జరుగుతడు. బతుకమ్మకి ఎడమ పక్కన రెండు మీటర్ల దూరంల నిలబెట్టి, మాన్యువల్‌ల బాగా తక్కువ పవర్, ఐఎస్ఓ 800, ఎఫ్ 4, షట్టర్ 1/100. ఆకాశంల మిగిలిన నీలం కూడా దక్కింది, గునుగు ఒక్కో కంకి లేచి కనిపించింది, తంగేడు రేకుల మీద మడతలతో సహా.

ఆట మొదలైనంక మాత్రం అదే సెట్టింగ్ కొంప ముంచింది. చుట్టూ తిరుగుతున్నరు కదా, పోరని పక్కకొచ్చినామె తెల్లగా కాలిపోతున్నది, నాలుగు మీటర్ల దూరం పోయినామెకి వెలుతురు నాలుగో వంతే అందుతున్నది, అంటే రెండు స్టాపులు తక్కువ, ఒక్కో స్టాపుకి వెలుతురు సగమైతది. పైగా పోరడు ఆట చూసుకుంట ఫ్లాష్ నేలకి వంచిండు, ఉయ్యాలో అని చప్పట్లు కొడుతున్నోళ్ల చెప్పులు మాత్రం బ్రహ్మాండంగ వచ్చినయ్. అందుకే మళ్ల కెమెరా మీదకి ఎక్కించి, టీటీఎల్ (వెలుతురు ఎంత కావాల్నో కెమెరానే కొలుచుకునే పద్ధతి) పెట్టి, ముందట చిన్న తెల్ల కార్డు చుట్టి వాళ్లతోపాటు నేనూ తిరిగిన. అందం కొంచెం తగ్గింది నిజమే, కానీ ఎవరి మొఖమూ పోలే.

చెరువు కాడికి పోయినంక మళ్ల ఆశ. మళ్ల ఫ్లాష్ ఊడబీకి పోరనికిచ్చి, గట్టు మీద నిలబెట్టి పక్క లైటుల నాలుగైదు తీసిన, అంతల అత్త బతుకమ్మని ఎత్తుకొని నీళ్లల్లకి దిగుతున్నదని ఎవరో అరిస్తే ఉరికి, ఫ్లాష్ గుంజుకొని కెమెరా మీద గుచ్చి నొక్కిన. కొట్టలే. మళ్ల నొక్కిన. కొట్టలే. బ్యాటరీలు పోయినయేమో అని మూత తీసి మళ్ల పెట్టిన, అప్పటికి బతుకమ్మ పది అడుగులు పోయింది. తీరా చూస్తే అది ఇంకా రిసీవర్ మోడ్‌లనే ఉన్నది, ఎక్కడికెళ్లో సిగ్నల్ వస్తదని ఎదురుచూస్తున్నది పాపం, ట్రిగ్గర్ ఏమో నా జేబుల.

మూడు ఫోటోలు, మూడూ నల్లగ.

మలీద తినుకుంట ఇంటికొచ్చినంక అత్త అడగనే అడిగింది, "నేను నీళ్లల్ల దిగింది వచ్చిందా బిడ్డా?" అని. మాట మార్చి వాకిట్ల పక్క లైటుతోని తీసింది చూపించిన. ఫోన్‌ల వేసిస్తే రెండు వేళ్లతోని పెద్దగ చేసుకొని అంచులదాకా చూసి, కోడల్ని పిలిచింది. "సూడు, మూడో వరుసల గులాబీ రంగు సరిగ్గ అంటలే. పొద్దుగాల నేను చెప్పలేదా?"