విశాఖ ఇసుకలో జోనా లోమూ కథ

మా మేనల్లుడు విశాఖపట్నంలో వ్యాయామ ఉపాధ్యాయుడు. పరుగులోనూ కబడ్డీలోనూ చురుకైన పిల్లలను కొందరిని పోగుచేసి, తెల్లవారుజామున ఆర్కే బీచ్ ఇసుకలోనూ, సాయంత్రం ఒక మైదానంలోనూ వాళ్లకు రగ్బీ నేర్పుతున్నాడు. న్యూజిలాండ్ ఆటగాడు జోనా లోమూ వీడియోలు చూసి పిల్లలు ఊగిపోతున్నారనీ, అయితే వాళ్ల కంటికి ఆనుతున్నది ఆయన భారీ శరీరం ఒక్కటేననీ, ఆ మనిషి ఎక్కడ పుట్టి ఎలా ఎదిగాడో కూర్చోబెట్టి చెప్పే పెద్దవాళ్లు కావాలనీ ఫోన్లో అడిగాడు. లోమూ గురించి దొరికినదల్లా చదువుతూ, ఆయన ఆడిన మ్యాచ్‌లు పదే పదే చూస్తూ వచ్చిన నాకు అంతకన్నా ఇష్టమైన పని మరొకటి లేదు. హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

అనకాపల్లి దాటాక నెమ్మదిగా వెలుతురు వచ్చింది. దువ్వాడ దగ్గర బండి నిదానించినప్పుడు కూడా నేను ఒకే సంగతి ఆలోచిస్తున్నాను. లోమూ కథ చెప్పేవాళ్లు ఎక్కువ మంది 1995 జూన్ 18న కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్ మీద జరిగిన ప్రపంచ కప్ సెమీఫైనల్‌తో మొదలుపెడతారు. అక్కడ మొదలుపెడితే ఆయన ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. పిల్లలకు అలా చెప్పకూడదని, ఆయన పెరిగిన మాంగెరె వీధుల నుంచే మొదలుపెట్టాలని స్టేషన్లో దిగేలోపే నిశ్చయించుకున్నాను.

బీచ్ రోడ్డు మీద నడకకు వచ్చినవాళ్ల సందడి అప్పటికే మొదలైంది. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ మంచులో సగమే కనిపిస్తోంది. కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి కొంత దూరంలో, తడి ఇసుక గట్టిగా ఉన్నచోట చెప్పులతో హద్దులు పెట్టుకుని పిల్లలు ఆడుతున్నారు. వాళ్లలో పెదజాలరిపేట కుర్రాడొకడు వెంటనే కంటబడ్డాడు. పదిహేనేళ్లు ఉంటాయేమో, ఈడుకు మించిన భుజాలు. తండ్రితో పాటు వల లాగిన చేతులు. కోడిగుడ్డు ఆకారపు బంతిని రొమ్ముకు హత్తుకుని పరిగెత్తుతుంటే ముగ్గురు వేలాడినా ఆగడం లేదు. చివరికి అందరికన్నా బక్కపలచని పిల్లవాడు వెనకనుంచి దూకి, చీలమండలు రెండూ కలిపి పట్టి పడేశాడు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి చీలమండ దగ్గర పట్టే పట్టే అది. రగ్బీలో పెద్ద శరీరాన్ని పడగొట్టే సరైన పద్ధతీ అదేనని, లోమూని ఆపగలిగిన కొద్దిమందీ నడుము కింద పట్టినవాళ్లేనని అప్పటికప్పుడే వాళ్లకు చెప్పాను.

ఆట ముగిశాక అందరం మెట్ల మీద కూర్చున్నాం. జోనా లోమూ 1975 మే 12న ఆక్లండ్ ప్రాంతంలో పుట్టాడు. తల్లిదండ్రులు టోంగా దీవుల నుంచి వచ్చినవాళ్లు. పసితనంలో కొన్నేళ్లు టోంగాలోనే బంధువుల దగ్గర పెరిగి, తర్వాత దక్షిణ ఆక్లండ్‌లోని మాంగెరెకు, కన్నవాళ్ల ఇంటికి చేరాడు. ఆ ఇంట్లో తాగుడు ఉంది, తండ్రి చేతి దెబ్బలు ఉన్నాయి. వీధిలో ముఠాల తగాదాలు ఉన్నాయి. దగ్గరి బంధువులనే ఆ హింస పొట్టనబెట్టుకుంది. కుర్రవాడు కూడా కొట్లాటల్లో తిరగడం మొదలుపెట్టాడు. అప్పుడు తల్లి హెపీ అతణ్ణి పుకెకోహె దగ్గర పయెరాటాలో ఉన్న వెస్లీ కాలేజీ అనే మెథడిస్టు హాస్టల్ బడిలో చేర్పించింది. నా దృష్టిలో లోమూ ఆటజీవితంలో మొదటి ఘట్టం ఇదే. కొడుకును కళ్లెదుట ఉంచుకోవాలన్న ఆశ చంపుకుని, క్రమశిక్షణ ఉన్నచోటికి పంపిన ఆ తల్లి నిర్ణయం లేకపోతే మనం ఆ పేరు వినేవాళ్లమే కాదు.

"అమ్మ పంపేసిందేటి సార్?" అని జాలరిపేట కుర్రాడు నమ్మలేనట్టు అడిగాడు. పంపేయడం కాదని, కాపాడుకోవడమని మా మేనల్లుడు జవాబిచ్చాడు. ఆ వయసులో ఇంటికి దూరంగా ఉండటం ఎంత కష్టమో అక్కడున్న కొందరికి నేను చెప్పనక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి హాస్టళ్లలో చదువుకుంటున్నవాళ్లే.

వెస్లీలో లోమూ పరుగుపందాల్లో అందరినీ దాటేశాడు. తర్వాతి రోజుల్లో ఆరడుగుల అయిదంగుళాలు, 115 కిలోలకు పైన తూగిన మనిషి వంద మీటర్లను 11 సెకన్ల లోపు పరిగెత్తేవాడంటే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అయితే బడి జట్టులోనూ, న్యూజిలాండ్ కుర్రాళ్ల జట్లలోనూ ఆయన ఆడింది ఫార్వర్డ్‌గా, అంటే స్క్రమ్‌లో తల దూర్చి నెట్టే ఎనిమిది మందిలో ఒకడిగా. పెద్ద శరీరం కనబడగానే ముందుకు నెట్టడం ఎక్కడైనా జరిగేదే. ఇక్కడ జాలరిపేట కుర్రాడి స్థానం కూడా అదే.

మధ్యాహ్నమంతా ఎంవీపీ కాలనీలో మా మేనల్లుడి ఇంట్లో ఉన్నాను. ఎండ చల్లారాక మళ్లీ బీచ్ రోడ్డుకు వచ్చి, మురీ మిక్చర్ పొట్లాలు చేతబట్టుకుని అందరం ఒకచోట చేరాం. ఆ పూట చెప్పవలసిన 1994వ సంవత్సరాన్ని నేను కావాలనే ఎక్కువసేపు చెప్పాను, ఎందుకంటే లోమూ అభిమానులు సైతం దాన్ని దాటవేస్తారు. ఆ ఏడాది న్యూజిలాండ్ జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్ శిక్షకుడు లారీ మెయిన్స్ ఆయన్ని ఫార్వర్డ్ స్థానం నుంచి తీసి ఎడమ వింగ్‌లో, అంటే మైదానం ఎడమ అంచున, 11వ నంబరు చొక్కాతో నిలబెట్టాడు. జూన్ 26న క్రైస్ట్‌చర్చ్‌లో ఫ్రాన్స్ మీద తొలి టెస్ట్, అంటే దేశాల జట్ల మధ్య జరిగే మ్యాచ్, ఆడేనాటికి లోమూ వయసు 19 సంవత్సరాల 45 రోజులు. ఆల్ బ్లాక్స్ తరఫున టెస్ట్ ఆడినవాళ్లలో అంతకన్నా చిన్నవాడు లేడు. ఆ మ్యాచ్‌లో న్యూజిలాండ్ 22–8తో ఓడింది. తర్వాతి వారం ఆక్లండ్‌లో 23–20తో మళ్లీ ఓడింది.

వింగ్‌లో ఆడేవాడి పని బంతి పట్టుకుని పరిగెత్తడం ఒక్కటే కాదు. ప్రత్యర్థి బంతిని తన్ని వెనక ఖాళీలో వేస్తాడేమోనని కనిపెడుతూ ఉండాలి, ఎప్పుడు ముందుకు దూకి పట్టాలో, ఎప్పుడు వెనక్కి తగ్గి నిలవాలో తెలియాలి. అప్పటిదాకా స్క్రమ్‌లో ఆడిన కుర్రాడికి ఆ లెక్కలు కొత్త. అనుభవమున్న ఫ్రెంచ్ ఆటగాళ్లు ఆ లోటును ఇట్టే పసిగట్టారు. ఆ రెండు టెస్టుల తర్వాత లోమూ జట్టులో చోటు కోల్పోయాడు. అంత శరీరం, అంత వేగం ఉన్నా పని నేర్వనిదే స్థానం నిలవదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. పిల్లలు ఆయన్నుంచి నేర్చుకోవలసింది కూడా ముందు ఈ ఓటమినే అని నా నమ్మకం. 1995 ప్రపంచ కప్ జట్టులో కూడా ఆయనకు సులువుగా చోటు దొరకలేదు. ఒంట్లో దమ్ము చాలదన్న విమర్శ వెంటాడుతుండగా, ఆ రెండు టెస్టుల అనుభవంతోనే దక్షిణాఫ్రికా విమానం ఎక్కాడు.

తర్వాతది ఫోన్లో చూపించాను. తెర చిన్నది కాబట్టి తలకు తల ఆనించి చూశారు. సెమీఫైనల్ మొదలైన కాసేపటికే లోమూకి ఒక పాస్ వస్తుంది. అది చక్కని పాస్ కాదు. ఆయన వెనక్కి పోయి నేల మీద ఎగురుతుంది. దాన్ని అందుకునేసరికి ముఖం తిరగబడి ఉంటుంది. అక్కడినుంచి తిరిగి, ఇంగ్లండ్ ఆటగాడు టోనీ అండర్‌వుడ్‌ను బయటి వైపు నుంచి దాటుతాడు. విల్ కార్లింగ్ దూకి కాలికి చెయ్యి తగిలిస్తాడు. లోమూ తూలతాడు. ఎదురుగా ఒక్క మైక్ క్యాట్ మిగులుతాడు. తూలుతూనే ఆయన మీదుగా తొక్కుకుంటూ వెళ్లి గీత దాటి పడతాడు. పిల్లలు కేకలు పెట్టారు. నేను వీడియోను వెనక్కి తిప్పి, పాస్ అందుకునే ఆ క్షణం దగ్గర ఆపాను. అంత చెడ్డ పాస్‌ను చేజార్చకుండా పట్టిన ఆ కుడి ఎడమల తూకం ఏడాది కింద ఆయన దగ్గర లేదని, అది సాధనతో వచ్చిందని చెప్పాను.

అలా గీత దాటి బంతిని నేలకు ఆనించడాన్నే ట్రై అంటారు. ఆ రోజు నాలుగు ట్రైలు చేశాడు. న్యూజిలాండ్ 45–29తో గెలిచింది. అంతకుముందు ఐర్లండ్ మీద రెండు, స్కాట్లండ్ మీద ఒకటి, మొత్తం ఏడు. జూన్ 24న జొహానెస్‌బర్గ్ ఫైనల్లో మాత్రం దక్షిణాఫ్రికా ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరుగా మీదపడి ఆయన్ని ఒక్క ట్రై కూడా చేయనివ్వలేదు. అదనపు సమయంలో జోయెల్ స్ట్రాన్‌స్కీ కొట్టిన డ్రాప్ గోల్‌తో, అంటే బంతిని నేల మీద జారవిడిచి గోల్ స్తంభాల మధ్యకు తన్నడంతో, దక్షిణాఫ్రికా 15–12తో కప్పు గెలుచుకుంది.

డబ్బు సంగతి మా మేనల్లుడు అడిగాడు. రగ్బీ యూనియన్, అంటే లోమూ ఆడిన పదిహేను మంది రగ్బీ, అప్పటిదాకా పేరుకు డబ్బు పుచ్చుకోని ఆట. ఆ ఫైనల్‌కు ముందురోజే న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా సంఘాలు న్యూస్ కార్పొరేషన్‌తో పదేళ్లకు 55.5 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందాన్ని ప్రకటించాయి. ఆగస్టు 26న పారిస్‌లో అంతర్జాతీయ రగ్బీ బోర్డు ఆటగాళ్లకు జీతాలివ్వడానికి తలుపులు తెరిచింది. ఇరవై ఏళ్ల లోమూ ఆ కొత్త కాలానికి మొదటి పెద్ద తార అయ్యాడు. కొన్ని నెలలు గడవకముందే, 1995 చివర్లో, వైద్యులు ఆయనకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే మూత్రపిండాల జబ్బు ఉందని తేల్చారు.

ఈ మాట దగ్గర సోంపేట వైపు నుంచి వచ్చిన పిల్లవాడు ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు తెలియని ఊరు లేదు. అంతుచిక్కని కారణంతో దశాబ్దాలుగా అక్కడి కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే జనాన్ని అది తినేస్తోంది. పలాసలో ప్రత్యేక ఆసుపత్రి వచ్చింది 2023లో మాత్రమే. "మా తాతకీ డయాలసిస్సే సార్. వారానికి మూడుసార్లు" అన్నాడు. లోమూది వేరే రకం జబ్బని విడమరచి చెప్పాను. కానీ 2003లో ఆయనకూ వారానికి మూడుసార్లు డయాలసిస్ పెట్టారన్నది నిజం.

ఆ జబ్బును ఒంట్లో పెట్టుకునే ఆయన ఆడాడు. 1997లో చాలా ఆట పోయింది. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో ఏడుగురేసి ఆడే సెవెన్స్ రగ్బీలో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1999 ప్రపంచ కప్‌లో ఎనిమిది ట్రైలు చేశాడు. 1995 కప్పు నాటి ఏడూ కలిపి పదిహేను. 2000 జూలైలో సిడ్నీలో 1,09,874 మంది చూస్తుండగా ఆస్ట్రేలియా మీద చివరి నిమిషంలో గెలుపు ట్రై చేసింది కూడా ఆయనే. 2002 వరకు 63 టెస్టులు, 37 ట్రైలు. మూత్రపిండాలు పూర్తి ఆరోగ్యంగా ఉన్న లోమూ ఎలా ఆడేవాడో ఎవరూ చూడలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. 2004లో గ్రాంట్ కెరియామా అనే రేడియో వ్యాఖ్యాత తన కిడ్నీ ఒకటి ఇచ్చాడు.

"ఆ తరవాత మళ్లీ ఆడాడా సార్?" ఆడాడు. 2005 డిసెంబరులో వేల్స్‌లోని కార్డిఫ్ బ్లూస్ జట్టు తరఫున మైదానంలోకి దిగాడు. తాతకు చెప్పాలని ఆ పిల్లవాడు కార్డిఫ్ అన్న పేరును రెండుసార్లు పలికించుకున్నాడు. 2015 నవంబరు 18న, నలభై ఏళ్లకే లోమూ చనిపోయాడన్న సంగతి కూడా దాచకుండా చెప్పాను.

మర్నాడు పొద్దున్న ఇసుకలో మా మేనల్లుడు జాలరిపేట కుర్రాణ్ణి మధ్యలోంచి తీసి ఎడమ అంచున నిలబెట్టాడు. బంతి చేతికందిన మొదటిసారి ఎవరూ దగ్గరికి రాలేకపోయారు. రెండోసారి మాస్టారే బంతిని ఎత్తుగా తన్ని వాడి వెనక వేశాడు. కుర్రాడు ముందుకు ఉరికాడు, బంతి తల మీదుగా వెళ్లి అలల అంచున పడింది. మళ్లీ తన్నాడు, ఈసారి వాడు వెనక్కి తగ్గాడు గాని కళ్లు బంతి మీద లేవు. ఆ తర్వాత ఆట ఆపించి, భుజం తిప్పి వెనక్కి పరిగెత్తడం, మోకాళ్లు వంచి పొట్ట మీదకు బంతిని తీసుకోవడం ఒక్కొక్కటిగా చూపించాడు. ముందు వరుసలో నెట్టేవాడు లేక జట్టు బలహీనపడుతుందని మిగతా పిల్లలు గొడవపెట్టారు. మా మేనల్లుడు ఒప్పుకోలేదు. ఆ వేసవి సెలవుల్లో పోటీ మ్యాచ్‌లు తగ్గించి, రోజూ ఆట మొదలుకు ముందు అరగంట ఆ కుర్రాడి చేత ఎత్తు బంతులు పట్టించాలని తీర్మానించుకున్నాడు. తన్నడానికి సోంపేట పిల్లవాణ్ణి కుదుర్చుకున్నాడు.