నైరోబీలో ఓ రోడ్డు పేరు

మసాయి మారా అభయారణ్యం చూద్దామని ఏప్రిల్‌లో కెన్యా వెళ్లడం నా తెలివితక్కువతనమే. అక్కడ పెద్ద వానలు ఆ నెలలోనే. దారి బాగోలేదని టూర్ వాళ్లు ప్రయాణం రెండు రోజులు వాయిదా వేశారు. నైరోబీ కిలిమానీలో మా మేనల్లుడి ఫ్లాట్‌లో కూర్చుని వాన చూడటమే పనైపోయింది. నా మొహం చూడలేక వాడే "మావయ్యా, ట్యాక్సీ పిలుస్తా, సిటీలోకి వెళ్లి రండి" అన్నాడు.

యాయా సెంటర్ అనే మాల్ దగ్గరే జామ్. పావుగంటకి రెండు కార్ల దూరం కదిలాం. పక్కనున్న మటాటు, అంటే వాళ్ల షేర్ వ్యాన్, ఒంటినిండా బొమ్మలేసుకుని పాటలు మోగిస్తుంటే మా కారు అద్దాలు అదురుతున్నాయి. ఊసుపోక ఫోన్‌లో రోడ్డు పేరు చదవబోయాను. ఆర్గ్వింగ్స్ కోధెక్. నాలుక తిరగలేదు. ఎవరో తెల్లదొర అయ్యుంటాడని పైకే అనేశాను. డ్రైవర్ నవ్వాడు. "మావాడే సర్, మా లువో తెగ. కెన్యాలో మొదటి ఆఫ్రికన్ లాయర్."

ఆ జామ్ పుణ్యమా అని సగం కథ అతని దగ్గర విన్నాను. మిగతాది రాత్రి చదువుకున్నాను.

కోధెక్ 1923లో పుట్టాడు. ఉగాండాలోని మకరెరె కాలేజీలో చదివి టీచరయ్యాడు. పై చదువుకి బ్రిటన్ వెళ్లి లా పూర్తిచేసి బారిస్టరయ్యాడు. తిరిగొచ్చాక అప్పటి బ్రిటిష్ సర్కారు అటార్నీ జనరల్ ఆఫీసులో ఉద్యోగం ఇస్తానంది. జీతం మాత్రం అదే పనికి తెల్లవాళ్లకిచ్చేదాంట్లో మూడోవంతు! అక్కర్లేదని సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాడు. బ్రిటిష్ పాలన మీద మౌ మౌ తిరుగుబాటు మొదలయ్యాక, 1952 అక్టోబరులో ఎమర్జెన్సీ వచ్చింది. తూటాలు దొరికినా ఉరిశిక్ష వేయొచ్చన్న కాలం. మౌ మౌ కేసుల్లో వెయ్యిమందికి పైగా ఉరితీశారు. అలాంటి నిందితుల తరఫున కోర్టులో నిలబడ్డాడాయన. అప్పట్లో ఈ కేసులు వాదించినవాళ్లలో మన భారతీయ సంతతి లాయర్లూ ఉన్నారు. తర్వాత కెన్యా తొలి అధ్యక్షుడైన కెన్యాట్టా విచారణకైతే ఢిల్లీ నుంచి దివాన్ చమన్ లాల్ కూడా వెళ్లాడు.

నాకు బాగా నచ్చింది ఆయన పేరు సంగతి. బాప్తిస్మపు పేరు క్లెమెంట్ మైఖేల్ జార్జ్. దాన్ని వదిలేసి చియెడో మోర్ గెమ్ అని పెట్టుకున్నాడు. గెమ్ ఆయన సొంత ప్రాంతం. రెండింటికీ ఇనీషియల్స్ సి.ఎం.జి.యే! పేరు మారినా సంతకం మార్చక్కర్లేదు. లాయరు బుర్ర!

జాతీయ స్థాయి పార్టీ పెడతానంటే సర్కారు ఒప్పుకోలేదు. జిల్లా పార్టీలకే అనుమతి. అందుకే నైరోబీ డిస్ట్రిక్ట్ ఆఫ్రికన్ కాంగ్రెస్ పెట్టాడు. 1957లో ఆఫ్రికన్లు తొలిసారి ఓటేసిన ఎన్నికల్లో నైరోబీ నుంచి నిలబడి, కార్మిక నాయకుడు టామ్ ఎంబోయా చేతిలో ఓడిపోయాడు. స్వాతంత్ర్యం వచ్చాక గెమ్ ఎంపీ, తర్వాత మంత్రి.

సిటీలో దిగి మోయ్ అవెన్యూలో ఎంబోయా విగ్రహం చూశాను. కింద ఫ్లెమింగోల బొమ్మలు, వాటి మీద వాన చుక్కలు. ఆ పక్కనే 1969 జులై 5న ఆయన్ని కాల్చి చంపారు. ఆ ఏడాదే జనవరి 29న కోధెక్ కారు ప్రమాదంలో పోయాడు. గెలిచినాయన, ఓడినాయన, ఇద్దరూ ఆర్నెల్ల తేడాలో. గెలిచినాయనకి విగ్రహం ఉంది కాబట్టి జనం ఆగి ఫొటో తీసుకుంటున్నారు. రోడ్డు ముందు నిలబడి ఎవరు తీసుకుంటారు?

"యాక్సిడెంట్ అంటే మావాళ్లు నమ్మరు సర్" అన్నాడు డ్రైవర్, తిరిగొస్తుంటే. అతను మళ్లీ దాని గురించి మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. మేనల్లుడు కాఫీ ఇస్తూ "ఆర్గ్వింగ్స్ మీద ఇరుక్కున్నారా?" అన్నాడు. ఆ పేరు ఎవరిదో తెలుసా అని అడిగాను. ఆ రోడ్డు మీదుగా నాలుగేళ్లుగా ఆఫీసుకి వెళ్తున్నాడు వాడు.

"ఎవరో ఇంగ్లీషోడు కదా, మావయ్యా?"