పుస్తకం యాడ పెట్టినావమ్మా?

మాది కావలి. ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో ఎంబీఏ చదువుతున్నాను. రెండో సెమిస్టర్ ఫైనాన్స్ పేపర్ ఇంట్లోనే, కెమెరా ముందు కూర్చుని రాశాను. మొదలుపెట్టే ముందు ఆధార్ కార్డు చూపించాలి, ల్యాప్‌టాప్ ఎత్తి గది నాలుగు మూలలూ, టేబుల్ కిందా తిప్పి చూపించాలి. పరీక్ష తెరుచుకున్నాక మనల్ని కనిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇంకో విండోలోకి పోనివ్వదు. లెక్కలకు రెండు తెల్ల కాగితాలు మాత్రం పెట్టుకోవచ్చు.

బాగానే రాశాననుకున్నా. పది రోజులకు మెయిల్. రిజల్ట్ ఆపేశారు, వారంలోపు సంజాయిషీ ఇవ్వాలి. చూపు పదే పదే స్క్రీన్ మీద నుంచి కిందికి పోయిందట, గదిలో వేరే మనిషి గొంతు వినపడిందట.

ఆ గొంతు మా అత్తయ్యది. తలుపు అవతల నుంచి "అమ్మాయ్, పుస్తకం యాడ పెట్టినావమ్మా?" అని కేకేసింది. గ్యాస్ బండ వచ్చింది, ఆమెకు కావాల్సింది గ్యాస్ పుస్తకం! పరీక్ష రాసేదాన్ని పట్టుకుని పుస్తకం ఎక్కడని అడిగితే వినేవాళ్లు ఏమనుకోవాలి?

ఆ రాత్రి కోపంతో రెండు పేజీలు రాసి, పొద్దున్నే తీసేశాను. క్లిప్ పంపమని అడిగితే టైములు మాత్రం పంపారు: 11.42కి గొంతు. ఫోన్‌లో చూస్తే గ్యాస్ డెలివరీ మెసేజ్ 11.47కి ఉంది. దాని స్క్రీన్‌షాట్, పుస్తకంలో ఆ తేదీ ఉన్న పేజీ ఫొటో జతచేశాను. ఇక చూపు సంగతి. ఐదేళ్ల క్యాష్ ఫ్లోలకు డిస్కౌంట్ కట్టే లెక్క, అంటే ముందు ముందు వచ్చే డబ్బుకు ఈరోజు విలువెంతో తేల్చేది, తల దించకుండా ఎవరు చేస్తారు? అదృష్టంకొద్దీ రఫ్ కాగితాలు పారేయలేదు. ఒకదాని వెనక మా బుడ్డోడు తర్వాత గూడ్స్ బండి గీశాడు, ఇంజిన్‌కి కళ్లు పెట్టి మరీ. రెండు వైపులా స్కాన్ చేసి పంపేశా.

తర్వాత ఇరవై నిమిషాలు వీడియోలో విచారణ. తెలుగు తెలిసిన మేడమ్ ఒకరున్నారు, క్లిప్ విని నవ్వేశారు. పక్కనున్న సార్ నవ్వలేదు. అదే తరహా లెక్క ఇచ్చి అప్పటికప్పుడు చేయమన్నారు. తల దించే చేశాను.

నా బాధల్లా ఒకటే. సాఫ్ట్‌వేర్ అనుమానం వచ్చిన చోట గుర్తు పెడుతుంది, అంతే. కాపీయో కాదో మనిషి చూసి తేల్చాలి. నా విషయంలో ఎవరూ వినకముందే రిజల్ట్ ఆగింది. మా బ్యాచ్‌లో ఒకతను ఫోన్‌ని స్క్రీన్ అంచుకే ఆనించుకుని రాశాడని విన్నా. అతని చూపు పక్కకు పోలేదు కదా, రిజల్ట్ టైముకే వచ్చింది. అంతకుముందు ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఈఎల్ కోర్సు ఒకటి చేశాను. అందులో ఇంట్లో రాసే అసైన్‌మెంట్లకు 25 మార్కులే, 75 సెంటర్‌కు పోయి రాసే పరీక్షకు. దానికోసం నెల్లూరు బస్సెక్కాలని అప్పుడు విసుక్కున్నాను.

మూడు వారాలకు రిజల్ట్ ఇచ్చారు. క్షమాపణ లాంటిదేమీ లేదు, "కేసు ముగిసింది" అని ఒక్క లైను.

మొన్న మూడో సెమిస్టర్ పరీక్ష నాడు అత్తయ్య గ్యాస్ పుస్తకాన్ని వాకిట్లో మేకుకు తగిలించి, కుర్చీ వేసుకుని గేటు దగ్గర కూర్చుంది. పాలబ్బాయికి కూడా సైగలే.