హ్యూమన్ లీగ్ పాప్‌లోకి దిగితే తప్పేంటి?

మొన్న ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ మావాడితో వాదన. ఎలక్ట్రానిక్ బ్యాండ్ పాప్ వైపు తిరిగిందంటే ఇక దాని పని అయిపోయినట్టే అంటాడు.

మరి హ్యూమన్ లీగ్ సంగతేంటి? బ్రిటన్‌లోని షెఫీల్డ్ బ్యాండ్ వాళ్లు, మొదట్లో సింథసైజర్లతో (కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డులు, ముద్దుగా సింథ్) బిగుసుకుపోయినట్టుండే పాటలు చేసేవారు. 1980లో ఇద్దరు ముఖ్యులు విడిపోయి హెవెన్ 17 అనే వేరే బ్యాండ్ పెట్టుకుంటే, మిగిలిన సింగర్ ఫిల్ ఓకీ ఊళ్లో నైట్‌క్లబ్‌లో డాన్స్ చేస్తున్న ఇద్దరు స్కూలు అమ్మాయిలను బ్యాండ్‌లోకి తెచ్చేశాడు. ఏం ధైర్యమో! గిటారిస్ట్ జో కాలిస్‌ను కూడా తీసుకుని, చేతికి సింథ్ ఇచ్చారు. 1981లో 'డేర్' ఆల్బమ్ వచ్చింది, నిర్మాత మార్టిన్ రషెంట్. లిన్ డ్రమ్ మెషీన్ దెబ్బ ఎంత కచ్చితంగా పడుతుందో ఒకసారి హెడ్‌ఫోన్స్‌లో వినండి, గిటార్ అన్న మాటే ఉండదు. అంటే యంత్రాలను వదిలేయలేదు, వాటి మీద నోట్లో ఆడే ట్యూన్లు కట్టారంతే.

అందులోని 'డోంట్ యు వాంట్ మీ' పాట ఓకీకే నచ్చలేదు, అందుకే ఆల్బమ్ చివర్లో పెట్టారు. అదే బ్రిటన్‌లో నంబర్ వన్, 1982లో అమెరికాలోనూ.

మావాడు ఒప్పుకోలేదు, మొదటి రెండు ఆల్బమ్‌లే అసలువట. పోనీ వాటిలో ఒక్క పాట హమ్ చెయ్యరా అంటే మాత్రం టాపిక్ మార్చేశాడు.