ప్రోగ్రాం రాయడం మాని సర్క్యూటు గీశాక

మిత్రులారా, తొమ్మిదేళ్లు మైక్రోకంట్రోలర్లకు సీ భాషలో ప్రోగ్రాములు రాశాను. ఆ ధైర్యంతోనే ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూటును మనమే మార్చుకోగల చిప్పు) ఉద్యోగాల రాతపరీక్షలకు కూర్చుని, వరుసగా రెండు తప్పాను. మీలో సాఫ్ట్‌వేర్ నుంచి వస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను.

అమీర్‌పేటలో అద్దె గది. ముందు బేసిస్ 3 అనే ఎఫ్‌పీజీఏ బోర్డు. ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పాలి, అంతే. క్లాక్ అంచు (క్లాక్ సిగ్నల్ 0 నుంచి 1కి మారే క్షణం) వచ్చినప్పుడల్లా దాని స్థితి మారేలా, సర్క్యూట్లను వర్ణించే భాష వెరిలాగ్‌లో రాశాను. అది మిణుకుమనలేదు, మసకగా వెలుగుతూనే ఉంది. బోర్డు పాడైందనుకుని తెల్లవారేదాకా కేబుళ్లు మారుస్తూ గడిపాను. ఆ బోర్డు క్లాక్ 100 మెగాహెర్ట్జ్, సెకనుకు 10 కోట్ల అంచులు. అంటే ఎల్‌ఈడీ సెకనుకు 5 కోట్ల సార్లు వెలిగి ఆరుతోంది, కంటికి అందడం లేదు! 27 బిట్ల కౌంటరు పెట్టి, దాని చివరి పై బిట్టును ఎల్‌ఈడీకి కలిపాక సుమారు 1.34 సెకన్లకోసారి వెలగసాగింది. ఆ వెలుగు చూసి ఎంతసేపు కూర్చున్నానో.

వెరిలాగ్‌లో మనం రాసేది పైనుంచి కిందికి నడిచే ప్రోగ్రాం కాదు, అంతా ఒకేసారి పనిచేసే సర్క్యూటు. ఫర్ లూపు ఎనిమిది సార్లు అని రాస్తే ఒకే పని ఎనిమిదిసార్లు జరగదు, ఎనిమిది సర్క్యూట్లు పక్కపక్కన తయారవుతాయి. నేను తప్పిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. క్లాక్ అంచు దగ్గర ‘ఎ’లోకి ‘బి’, ‘బి’లోకి ‘ఎ’ వేయమంటే, నాన్‌బ్లాకింగ్ పద్ధతిలో (పాత విలువలు చదివి, అన్నీ ఒకేసారి మార్చేది) రెండూ తారుమారవుతాయి. ఒకే బ్లాకులో బ్లాకింగ్ పద్ధతిలో (ఒకదాని తర్వాత ఒకటి మార్చేది) రాస్తే రెండింటిలోనూ ‘బి’ పాత విలువే మిగులుతుంది. దీన్ని బట్టీ పట్టకండి, రెండు ఫ్లిప్‌ఫ్లాపులు (క్లాక్ అంచు దగ్గర ఒక్కో బిట్టును పట్టి ఉంచే సర్క్యూట్లు) గీసి చూడండి.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద డిజిటల్ డిజైన్ పాత పుస్తకం ఒకటి కొన్నాను. రోజూ ఒక లెక్కకు గ్రాఫు కాగితం మీద వేవ్‌ఫారం (కాలంతో పాటు సిగ్నళ్లు మారే తీరు చూపే బొమ్మ) గీశాను. సెటప్, హోల్డ్ సమయాలు (క్లాక్ అంచుకు ముందు, తర్వాత డేటా మారకుండా ఉండాల్సిన సమయాలు) అప్పుడే ఒంటబట్టాయి. 100 మెగాహెర్ట్జ్ అంటే ఒక అంచు నుంచి మరో అంచుకు మన చేతిలో ఉన్నది 10 నానోసెకన్లు. ఫ్లిప్‌ఫ్లాపు ఆలస్యం 1, మధ్య లాజిక్ 7.5, సెటప్ 1 అయితే మిగిలేది అర నానోసెకను. గేట్ పరీక్షలో ఎలక్ట్రానిక్స్ పేపరు (ఈసీ) రాసేవారికీ ఇది సిలబస్‌లోనిదే.

మూడో పరీక్షలో నా రఫ్ కాగితాల నిండా ఫ్లిప్‌ఫ్లాపులే. ఆ ఉద్యోగంలోనే ఇప్పుడు పనిచేస్తున్నాను. వేవ్‌ఫారంలో చిక్కుకుంటే మీరు గీసిన కాగితం ఫొటో పెట్టండి, కలిసి చూద్దాం.